వెంట నడిచినవాళ్లు

(చిలకలూరిపేటలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి స్మారకంగా ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు పాఠం చెప్పే తీరు మీలో చాలామందికి గుర్తే. ఫలానా రాజు ఫలానా కోట పట్టాడని పుస్తకంలో ఉంటే, ఆ వాక్యం చదివించి పుస్తకం మూయించేవారు. మరి ఆ కోట కింద ఉన్న ఊళ్లలో జనం ఆ రాత్రి ఎటు పోయారర్రా అని అడిగేవారు. పరీక్షలో రాని ప్రశ్న అది. నేను ఇవాళ మాట్లాడబోయేది అందులో ఒక పాయ గురించి. యుద్ధం తరిమినప్పుడు, యుద్ధాన్ని సాకుగా పెట్టుకుని పాలకులూ పొరుగువాళ్లూ తరిమినప్పుడు, కట్టుబట్టలతో పారిపోయేవాళ్లకు కతోలిక గురువులు ఏం చేశారు? ఎవరికి చేశారు? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు రెండోదే ముఖ్యం.

ఈ విషయం వినగానే రోము నగరమో, హిట్లరో గుర్తొస్తారు. అక్కడికీ వెళ్దాం. కానీ బయల్దేరేది మాత్రం ఇక్కడినుంచే, కొండవీటి కొండలకు ఆవలి పక్కనుంచి. ఫిరంగిపురం, ముట్లూరు, అటు పల్నాటిలో రెంటచింతల. ఈ ఊళ్లలో పాత కతోలిక రెడ్డి కుటుంబాల పెద్దవాళ్లను మీ పూర్వీకులు ఎక్కడివాళ్లని అడిగితే, సీమనుంచి, అనంతపురం వైపునుంచి వచ్చారని చెప్తారు. ఎందుకొచ్చారంటే కరువని ఒకరు, దండయాత్రలని ఒకరు, మతం మారినందుకు ఊళ్లో బతకనివ్వలేదని ఇంకొకరు. మూడూ నిజమే. ఒకదానిలోంచి ఇంకొకదాన్ని విడదీయలేం.

పాండిచ్చేరి కేంద్రంగా ఫ్రెంచి యేసుసభ (జెసూట్) గురువులు 18వ శతాబ్దం తొలి ఏళ్లలో తెలుగు నేలలోకి వచ్చారు. పుంగనూరు, కృష్ణాపురం, చిక్కబళ్ళాపురం, ముదిగుబ్బ, ధర్మవరం ప్రాంతాల్లో తిరిగారు. సన్యాసుల బట్ట కట్టారు, మాంసం మానేశారు, తెలుగు నేర్చుకున్నారు. ల గాక్, కాల్మెట్, కూర్దూ వంటివాళ్లు ఇక్కడి ఎండలో ఏళ్లకేళ్లు గడిపారు. ఈ కూర్దూ సామాన్యుడు కాదు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని విలియం జోన్స్ 1786లో చెప్పడానికి ముందే, 1767లో పారిస్ పండితులకు రాసి పంపాడు. మాస్టారు ఉంటే ఈ మాట దగ్గర నన్ను ఆపి ఇంకో అరగంట మాట్లాడించేవారు. నేను ముందుకు పోతాను.

ఆ గురువుల ఉత్తరాలు పారిస్‌లో సంపుటాలుగా అచ్చయ్యాయి. చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. గురువు ఊళ్లో దిగిన కొన్నాళ్లకే దాసర్లు కచేరీకి పోయి ఫిర్యాదు చేస్తారు. పాళెగాడు డబ్బడుగుతాడు. కొత్తగా జ్ఞానస్నానం పొందిన కుటుంబాన్ని కులం వెలివేస్తుంది. ఇదంతా మామూలు రోజుల్లోనే. ఇక యుద్ధం వస్తే ఎవరి మీద అనుమానం పడుతుందో చెప్పక్కర్లేదు. ఫ్రెంచివాళ్ల మతం పుచ్చుకున్నవాడు ఫ్రెంచివాళ్ల మనిషే అంటారు.

ఆ వందేళ్లలో యుద్ధం రాని దశాబ్దమంటూ లేదు. 1740 మేలో రఘోజీ భోంస్లే మరాఠా దండు దామలచెరువు కనుమలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపి కిందికి దిగింది. ఆ ఏడు నవాబు కుటుంబమే పాండిచ్చేరి కోటలో తలదాచుకుంది. ఆ తర్వాత ఫ్రెంచి, ఇంగ్లీషు కంపెనీల యుద్ధాలు. 1757లో కడప నవాబు మీద మరాఠాలు. 1761 జనవరిలో పాండిచ్చేరి పడిపోయింది, ఇంగ్లీషువాళ్లు పట్నాన్ని నేలమట్టం చేశారు. 1779లో కడప మైసూరు హైదర్ అలీ చేతికి చిక్కింది. 1780 జూలైలో హైదర్ దండు కర్ణాటకం మీద పడి ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. ఇటు గుంటూరు సర్కారు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండి, 1788లో కంపెనీ చేతికి వచ్చేదాకా వీటి మంట కాస్త తక్కువగా తగిలిన నేల. పొట్ట చేతబట్టుకుని బయల్దేరిన రైతు ఎటు చూస్తాడు? నల్లరేగడి ఉన్నచోటికీ, దండు దారికి పక్కగా ఉన్నచోటికీ చూస్తాడు. కొందరు ఇటు గుంటూరు సీమకు వచ్చారు. కొందరు అటు చెంగల్పట్టు ప్రాంతానికి పోయారు. మద్రాసుకు పడమరన ఉన్న కీళచ్చేరిలో ఇప్పటికీ తెలుగు కతోలికులు ఉన్నారు.

గురువులేం చేశారు? ఆ రోజుల్లో గురువు చేతిలో సైన్యం లేదు, సంస్థ లేదు. ఉన్నవాళ్లు ఉపదేశులు. ఉన్నది పాండిచ్చేరికి రాసే ఉత్తరం, ఆ ఉత్తరం చదివి ఫ్రాన్సులో ఎవరో పంపే కొద్దిపాటి సొమ్ము. జనం లేచిపోతుంటే తనూ లేచి, వాళ్లు కొత్తచోట ఆగినప్పుడు వెతుక్కుంటూ అక్కడికి పోయి, పిల్లలకు జ్ఞానస్నానమిచ్చి, చనిపోయినవాళ్లను పాతిపెట్టి మళ్లీ నడక. చిన్న పని కాదది. చెదిరిపోయిన కుటుంబాలు ఒకే జనంగా మిగలడానికి ఆ నడకే కారణం. ఇంతలో వాళ్లకే దిక్కులేకుండా పోయింది. యేసుసభను ఫ్రాన్సు 1764లో రద్దు చేసింది, 1773లో పోపే ప్రపంచమంతటా రద్దు చేశాడు. 1776లో పారిస్ విదేశ మిషన్ల సభ ఆ బాధ్యత తీసుకుంది. పాత గురువులు కొందరు కొత్త సభ కింద అదే పని చేసుకుంటూ పోయారు. తమ సొంత ఇల్లు కూలిపోయాక కూడా వాళ్లు ఊళ్లు తిరగడం మానలేదు. ఈ ఒక్కదానికి నేను వాళ్లకు తల వంచుతాను.

అయినా మాస్టారి పేరున జరిగే సభలో మెచ్చుకోలుతో ఆగిపోకూడదు. ఆ గురువులు నడిచింది తమ మంద వెంట. ముదిగుబ్బలో ఇల్లు కాలిన పొరుగువాడు కతోలికుడు కాకపోతే అతని సంగతి ఆ ఉత్తరాల్లో ఎక్కువగా లేదు. మంద లోపల కూడా అందరూ సమానం కాదు. పెద్దకులాలు దూరమవుతాయని మాల మాదిగలకు వేరే గురువులను పెట్టిన మిషన్ అది. 1744లో పోపు పదునాలుగో బెనడిక్టు ఈ ఆచారాల మీద తీర్పు చెప్పాల్సివచ్చేంత గొడవ జరిగింది. వలస బళ్ల వెంట నడిచిన వెట్టివాళ్ల కథ ఎవరూ రాయలేదు. వాళ్ల మనవలు ఇవాళ మన విచారణల్లో, అంటే ఒక్కో గుడి కింది ఊళ్లలో, ఎక్కువమంది.

ఇక్కడ ఫ్రెంచి గురువు దుబ్వా గురించి ఒక మాట. హిందువుల ఆచారాల మీద రాసిన పుస్తకంతో లోకానికి తెలిసిన మనిషి. 1792లో ఈ దేశం వచ్చాడు. ఆయన రావడానికి ముందే, రెండో మైసూరు యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకు సాయం చేశారన్న అనుమానంతో టిప్పు 1784లో మంగళూరు తీరపు కతోలికులను వేలల్లో శ్రీరంగపట్నానికి బందీలుగా తరలించాడు. గురువులను వెళ్లగొట్టాడు. చాలామందిని బలవంతంగా మతం మార్చారు. శృంగేరి మఠాన్ని మరాఠా దండు దోచుకుంటే మళ్లీ నిలబెట్టడానికి సాయం చేసినవాడూ ఆ టిప్పే. మనిషిని ఒక్క గీతతో కొలవలేం. కానీ నడిపించుకుపోయిన ఆ బందీల బాధ బాధే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దుబ్వా అక్కడికి పోయి మిగిలినవాళ్లను చేరదీశాడు. మతం మారిపోయినవాళ్లను నిలదీయకుండా తిరిగి కలుపుకున్నాడు. హాసన్ దగ్గర సత్తెహళ్ళిలో దిక్కులేనివాళ్లకు సాగుభూమితో ఊరు కట్టించాడు. మశూచి టీకాలు వేయించాడు, ఆ టీకాలకు మతం అడగలేదు. 1803–04లో 25 వేలమందికి పైగా టీకా వేయించినట్టు లెక్క ఉంది. మందనుంచి బయటికి పడ్డ మొదటి అడుగుల్లో ఒకటిగా నాకు ఇది కనిపిస్తుంది.

ఇప్పుడు ఇటలీ. 1943 సెప్టెంబరులో జర్మన్లు రోమును ఆక్రమించారు. అక్టోబరు 16న ఒక్కరోజులో వెయ్యిమందికి పైగా యూదులను పట్టుకుని ఆష్విట్జ్‌కు పంపారు. తిరిగొచ్చినవాళ్లు 16 మంది. ఆ వారం రోములో మఠాల తలుపులు తెరుచుకున్నాయి. వందల ఏళ్లుగా పరపురుషుడు అడుగుపెట్టని కన్యామఠాల్లో యూదు కుటుంబాలు మగవాళ్లతో సహా దాక్కున్నాయి. ఐర్లండు గురువు హ్యూ ఓ'ఫ్లాహర్టీ వాటికన్‌లో ఉద్యోగి. యుద్ధఖైదీలు, యూదులు కలిపి ఆరు వేల అయిదు వందలమంది దాకా దాచిన జట్టుకు నాయకుడాయన. యుద్ధమయ్యాక, తనను చంపాలని చూసిన గెస్టపో అధికారి కాప్లర్‌ను జైలుకు వెళ్లి చూస్తూ వచ్చాడు.

నన్ను ఎక్కువగా కట్టిపడేసేది అస్సీసీ. చిన్న ఊరు. పునీత ఫ్రాన్సిస్ పుట్టిన ఊరని మనవాళ్లకు తెలుసు. అక్కడి పీఠాధిపతి నికోలీని, ఆయన దగ్గర పనిచేసే గురువు ఆల్డో బ్రునాచ్చి, ఫ్రాన్సిస్కన్ మఠం పెద్ద రుఫీనో నిక్కాచ్చి కలిసి మూడువందలమంది దాకా యూదులను కాపాడారు. ఎలా కాపాడారో చూడండి. ఊళ్లో లుయీజీ బ్రిజీ అనే ముద్రాపకుడికి చిన్న ప్రెస్సుంది. ఆయనా, కొడుకు ట్రెంటో కలిసి దొంగ గుర్తింపు కార్డులు అచ్చేశారు. కార్డు మీద ఏ ఊరి పేరు వెయ్యాలి? దక్షిణ ఇటలీ ఊళ్ల పేర్లు వేశారు. అప్పటికే ఆ ఊళ్లు మిత్రరాజ్యాల చేతుల్లోకి వెళ్లిపోయాయి కాబట్టి జర్మన్లు అక్కడికి కబురు పెట్టి నిజమో కాదో కనుక్కోలేరు. వచ్చినవాళ్ల అసలు కాగితాలు, నగలు, పవిత్ర గ్రంథాలు పీఠాధిపతి ఇంటి నేలమాళిగలో గోడ వెనక దాచేవారు. ఆ గోడ కట్టడానికి మేస్త్రిని పిలిస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని బిషప్‌గారే తాపీ పట్టుకునేవారు, బ్రునాచ్చి దీపం పట్టుకునేవాడు. యూదుల యోమ్ కిప్పూర్ ఉపవాసం ముగిసిన సాయంత్రం మఠకన్యలు వాళ్లకు భోజనం వండిపెట్టారు. జ్ఞానస్నానం తీసుకుంటారా అని అడిగే సమయం అది కాదని వాళ్లకు తెలుసు. 1944 మేలో బ్రునాచ్చిని అరెస్టు చేశారు, బతికి బయటపడ్డాడు.

ఈ కథ ఎంత చెప్పినా తనివి తీరదు. కానీ ఇదే రోములో, ఇవే తలుపులు యుద్ధమయ్యాక ఇంకెవరికోసమో తెరుచుకున్నాయి. ఆస్ట్రియా బిషప్ అలోయిస్ హూడల్ నాజీ నేరస్థులు దక్షిణ అమెరికాకూ సిరియాకూ పారిపోవడానికి కాగితాలు సంపాదించిపెట్టాడు. ట్రెబ్లింకా మరణశిబిరం అధిపతి స్టాంగల్ అలాగే తప్పించుకున్నాడు. క్రొయేషియా గురువు డ్రగనోవిచ్ చేయి పట్టుకుని ఆ దేశపు ఫాసిస్టు ఉస్తాషా హంతకులు దాటిపోయారు. వాళ్లు కమ్యూనిస్టుల నుంచి పారిపోతున్న మనవాళ్లు అనుకున్నారు ఈ ఇద్దరూ. మనవాళ్లా కాదా అని చూసి తలుపు తీసేవాడు చివరికి హంతకుడికి కూడా తీస్తాడు. ముదిగుబ్బ ఉత్తరాలలో కనపడ్డ ఆ లోటు అప్పుడు చిన్నదిగానే ఉంది. అది పెరిగితే ఎక్కడికి పోతుందో హూడల్ చూపించాడు. పోపు పన్నెండో పయస్ బహిరంగంగా ఎందుకు గట్టిగా మాట్లాడలేదన్న వాదన ఇంకా తెగలేదు. ఫ్రాన్సులో తులూజ్ పీఠాధిపతి సలియేజ్ మాత్రం 1942 ఆగస్టు 23న తన గుళ్లలో ప్రసంగ పీఠం మీదనుంచే చదివించాడు, యూదులూ మన సోదరులేనని, వాళ్లను పశువుల్లా తోలుకుపోవడం పాపమని. ఆ ముసలాయనకు పక్షవాతం, మాట సరిగా వచ్చేది కాదు. అయినా ఉత్తరం రాసి చదివించాడు.

అదే కాలంలో మన దేశానికీ కాందిశీకులు వచ్చారు. సోవియట్ శిబిరాలనుంచి ప్రాణాలతో బయటపడ్డ పోలండు పిల్లలను 1942లో జామ్‌నగర్ మహారాజు దిగ్విజయ్‌సింహ్‌జీ బాలాచడిలో చేరదీశాడు. ఆ శిబిరం చూసుకున్నవాడు ఫ్రాంచిషెక్ ప్లూటా అనే పోలండు గురువు. కొల్హాపూరు దగ్గర వళివడెలో ఐదు వేలమంది పోలండువాళ్లు 1948 దాకా ఉన్నారు. అడిగినవాళ్లు కతోలికులు, తలుపు తీసినవాడు హిందూ రాజు.

ఇక పేద్రో అరూపే. స్పెయిన్ బాస్క్ ప్రాంతంవాడు, మాడ్రిడ్‌లో వైద్యం చదువుతూ మధ్యలో వదిలి యేసుసభలో చేరాడు. 1932లో స్పెయిన్ ప్రభుత్వం ఆ సభను రద్దుచేస్తే దేశం విడిచి పోవాల్సివచ్చింది. జపాన్ వెళ్లాడు, యుద్ధం మొదలుకాగానే గూఢచారి అనే అనుమానంతో అక్కడా జైల్లో పెట్టారు. 1945 ఆగస్టు 6న హిరోషిమా శివారులో నవశిష్యుల మఠానికి పెద్దగా ఉన్నాడు. బాంబు పడ్డ గంటల్లో ఆ మఠం ఆసుపత్రి అయిపోయింది. నూటయాభైమంది దాకా చాపల మీద. మందుల్లేవు. ఒక రైతు సంచినిండా బోరిక్ యాసిడ్ తెచ్చిచ్చాడు. కాలిన ఒంటిని ఆ నీళ్లలో తడిపిన గుడ్డలతో కప్పి, పుండ్లు చీము పట్టకుండా చూసుకున్నారు. వచ్చినవాళ్లలో కతోలికులు వేళ్ల మీద లెక్క.

ఆ మనిషే 1965లో సభకు పెద్దయ్యాడు. 1979 క్రిస్మస్ రోజుల్లో, చిన్న పడవల మీద సముద్రంలో పడి పోతున్న వియత్నాం కాందిశీకులను గురించి విని, తన ప్రాంతీయ పెద్దలకు టెలిగ్రాములు కొట్టాడు, మీరేం చెయ్యగలరని. 1980 నవంబరు 14న జెసూట్ కాందిశీకుల సేవ మొదలైంది. దాని నియమం తోడుండటం, సేవ చేయడం, వాళ్ల తరఫున మాట్లాడటం. తోడుండటాన్ని మొదట పెట్టారు. నేను ఆ వరసను చాలాసార్లు చూసుకున్నాను. మన 18వ శతాబ్దపు ముసలి గురువులు చేసింది కూడా అదే పని, ఇప్పుడు మంద గోడ తీసేసి చేస్తున్నారు.

మన ఊరి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి చెన్నై చేరేముందు గుమ్మిడిపూండి తగులుతుంది. అక్కడ శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. 1983 జూలై మారణకాండ తర్వాత సముద్రం దాటినవాళ్లూ, వాళ్ల పిల్లలూ, ఇప్పుడు మనవలూ. జెసూట్ సేవవాళ్లు తమిళనాడు శిబిరాల్లో సాయంత్రపు బడులు నడిపారు. పిల్లల్లో ఎక్కువమంది హిందువులు. మన దేశం 1951 కాందిశీకుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక పేరే లేదు. నలభై ఏళ్లు ఇక్కడ ఉన్నవాడికి కూడా ఈ నేల మీద హక్కు కాగితం దొరకడం గగనమే.

వాళ్లు వదిలొచ్చిన శ్రీలంకలో గురువులకు ఏమైందో చెప్పాలి. మన్నార్ అడవిలోని మడు మాత గుడి పుట్టిందే డచ్చివాళ్ల మతహింసనుంచి పారిపోయిన కతోలికుల వల్ల. మూడువందల ఏళ్ల తర్వాత ఆ గుడి ఆవరణలోనే వేలమంది యుద్ధ కాందిశీకులు గుడారాలు వేసుకున్నారు. 1999 నవంబరు 20న అక్కడ ఫిరంగి గుండ్లు పడి నలభైమంది దాకా చనిపోయారు. జాఫ్నా పక్కన అల్లైప్పిడ్డి అనే చోట జిమ్ బ్రౌన్ అనే ముప్ఫై నాలుగేళ్ల విచారణ గురువు ఉండేవాడు. 2006 ఆగస్టు 13న జనం తలదాచుకున్న ఆయన గుడి మీద గుండ్లు పడ్డాయి. గాయపడినవాళ్లను బయటికి తీసుకుపోనివ్వమని నౌకాదళం వాళ్లను బతిమాలాడు. మిగిలినవాళ్లను కైట్స్ గుడికి చేర్చాడు. వారం తర్వాత, ఆగస్టు 20న, ఒక సహాయకుడితో మోటారు సైకిలు మీద అల్లైప్పిడ్డికి వెళ్లాడు. నౌకాదళం తనిఖీ కేంద్రం దగ్గర చూసినవాళ్లున్నారు. ఆ తర్వాత ఇద్దరినీ చూసినవాళ్లు లేరు. తమిళనాడు శిబిరాల్లో ఏళ్లతరబడి పనిచేసిన జెసూట్ గురువు అలెక్సిస్ ప్రేమ్‌కుమార్‌ను, ఆఫ్ఘనిస్తాన్‌లో తిరిగొచ్చిన కాందిశీకుల బడి దగ్గర 2014 జూన్ 2న ఎత్తుకుపోయారు. ఆయన 2015 ఫిబ్రవరి 22న విడుదలయ్యాడు. ఆ బడిలో చదివేవాళ్లు ముస్లిం పిల్లలు.

మళ్లీ మన నేలకు వద్దాం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను చంపినప్పుడు మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. కతోలికుల చర్చి కాదది. కానీ ఆ ఆవరణ తెరిచి ఉండబట్టే అక్కడ శిబిరం నిలిచింది, ఉద్యమం నిలిచింది. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ అండతో సల్వాజుడుం దళాలు మొదలయ్యాక, అటు మావోయిస్టులకూ ఇటు జుడుంకూ మధ్య నలిగిన ఆదివాసులు వేలల్లో సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. సుప్రీంకోర్టు 2011 జూలై 5న జుడుంను చట్టవిరుద్ధమంది. వచ్చినవాళ్లకు మాత్రం ఇక్కడ షెడ్యూల్డు తెగల గుర్తింపు లేదు, భూమి లేదు, అడవిలో వేసుకున్న గుడిసెలు పీకేశారు. వాళ్లకు దొరికే కూలి ఏమిటో తెలుసా? మిరప కోత. మన పంటే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు ములుగు మిరపచేలనుంచి బీజాపూరుకు నడుచుకుంటూ పోయిన కూలీల్లో పన్నెండేళ్ల ఆదివాసి పిల్ల దారిలోనే చనిపోయింది. యుద్ధం నుంచి పారిపోయిన బిడ్డ కాదు, కూలికొచ్చిన బిడ్డ. కానీ ఆ జిల్లా పిల్లలు బడి మాని మిరపచేలకు రావడానికీ, ఆ యుద్ధానికీ సంబంధం లేదనలేను.

ఈ సభలో ఉన్న గురువులను, సిస్టర్లను రెండు పనులు అడుగుతున్నాను. మొదటిది, పాత విచారణల్లో ఉన్న జ్ఞానస్నాన రిజిస్టర్లు చెదలు తినకముందే ఫొటోలు తీయించి, చదువుకునే పిల్లలకు చూడనివ్వండి. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో, వెట్టివాళ్ల పేర్లు ఏ వరసలో రాశారో అందులో తేలుతుంది. రెండోది, సంక్రాంతి దాటాక మిరప కోతలు ఊపందుకుంటాయి. సీమనుంచి కుటుంబాలకు కుటుంబాలు మన పల్నాడు చేలకు దిగుతాయి, ఖమ్మం వైపు ఛత్తీస్‌గఢ్ వాళ్లు దిగుతారు. ఆ మూడు నెలలు పిల్లలు కల్లాల దగ్గర మిరప ఘాటులో ఉంటారు. ప్రతి విచారణలో బడి ఉంది, బడిలో మధ్యాహ్నం తర్వాత ఖాళీ గది ఉంది. గది, పలక, ఒక పూట భోజనం, కూలీల భాష వచ్చిన ఒక టీచరు. గుంటూరు, ఖమ్మం పీఠాలు కలిసి ఈ జనవరికి పది విచారణల్లో మొదలుపెట్టగలవు. చేర్చుకునేటప్పుడు పిల్ల పేరు రాసుకోండి, ఊరు రాసుకోండి, తల్లి ఏ చేలో ఉందో రాసుకోండి. మతం గడి పెట్టకండి.